ఇరవై ఒకటి పాయింట్ నాలుగు

ఉద్యోగంలో చేరి పదకొండో వారం.
మెడలో వేలాడే కార్డు మీద
మొరాగ్ అన్న నా పేరు ఇంకా మొరాక్ గానే ఉంది.
అబర్డీన్‌లో వాన అడ్డంగా పడుతోంది,
పైనుంచి కిందకి పడే అలవాటు
ఈ ఊరి వానకి ఎప్పుడూ లేదు.

నాకిచ్చిన పని ఏరివేత.
బావులు ఎండిపోయాక మూసేసిన సముద్రపు ప్లాట్‌ఫారాలు,
వాటి సెన్సార్ల పేర్లు,
పాత సర్వర్‌లో పద్నాలుగు వేల చిల్లర.
బతికున్నవి కొత్త చోటికి, చచ్చినవి బుట్టలోకి.
"పేలు చూసే ఉద్యోగం" అంటాడు దగోగో,
పోర్ట్ హార్‌కోర్ట్ నుంచి వచ్చినవాడు, మా బ్యాచే.
వాడికి గాలిమరల విభాగం పడింది.
హెలికాప్టర్ ఎక్కించారు,
నారింజ రంగు సూటు తొడిగించారు.
ఫోటో పంపాడు.
బదులుగా నా స్ప్రెడ్‌షీట్ ఫోటో తీసి పంపాను.

యూనివర్సిటీలో నిద్ర మానుకుని నేర్చిన
న్యూరల్ నెట్‌వర్కులు
ఇక్కడ టీ కప్పు కింద పెట్టుకునే
అట్టముక్కపాటి పనికొచ్చాయి.

చచ్చిన సెన్సార్‌ని పోల్చుకోవడం తేలిక.
సున్నా చూపిస్తుంది,
లేదంటే సముద్రం తొమ్మిది వేల డిగ్రీలు కాగుతోందంటుంది.
గురువారం మధ్యాహ్నం ఒకటి తగిలింది,
ఇరవై ఒకటి పాయింట్ నాలుగు.
నిన్నా అంతే. పోయినేడూ అంతే.
ఆరేళ్ళుగా వీసమెత్తు కదల్లేదు.

మ్యాప్‌లో వెతికితే ఆ ప్లాట్‌ఫారమే లేదు.
కాళ్ళు కోసి, ఓడ మీద పడుకోబెట్టి తీసుకెళ్ళి
నార్వే ఒడ్డున తుక్కు చేశారు.
ఈపాటికి ఎవరింట్లోనో ఫ్రిజ్ తలుపై ఉంటుంది.
ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు,
తగలేశారు, సరే,
తెప్ప మీది వెచ్చదనం మాత్రం
ఇంకా మా లెక్కల్లోనే ఉంది.

ఎక్ గెడిస్‌ని పిలిచాను.
ముప్ఫై ఒక్కేళ్ళు సముద్రం మీద,
ఆ తర్వాత ఈ కుర్చీలో.
కోడి గింజలేరినట్టు
రెండు వేళ్ళతో టైపు కొడతాడు.
తెర చూశాడు. కళ్ళజోడు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.
"భోజనాల గది" అన్నాడు.

నేను ఏదో ప్రమాదం కథ వస్తుందనుకున్నాను,
మొహం అందుకు తగ్గట్టు సర్దుకున్నాను కూడా.

"ఆఖరి హెలికాప్టర్ ముందు అందరం అక్కడే.
వంటాయన మిగిలిన గుడ్లన్నీ వేయించేశాడు,
తొమ్మిదిమందికి నలభై గుడ్లు.
హీటర్ కట్టేసే వంతు నాది."

అంతే. ఇంకేం చెప్పలేదు.
కట్టేయలేదన్నమాట.
బయట ఈదురుగాలి, లోపల గుడ్ల వాసన,
మనుషుల్లేని గది వెచ్చగా ఉండగానే
ఎవరో లైను తెంచేశారు.
చివరగా చెవినపడ్డ అంకెనే
సర్వర్ ఆరేళ్ళుగా జపిస్తోంది.
"ఆ బిల్లు నా జీతంలో కోయరు కదా?" అన్నాడు ఎక్.
నవ్వాడు గాని, తెర మీంచి చూపు తిప్పలేదు.

తొలగింపు ఫారంలో 'కారణం' అని ఒక గడి.
యాభై అక్షరాలు దాటకూడదట.
'సెన్సార్ లేదు' అని కొట్టాను. తుడిపాను.
'ప్లాట్‌ఫారం లేదు'.
అబద్ధమేం కాదు. అయినా తుడిపాను.
ఎక్ పక్కనే నిలబడి ఉన్నాడు,
చేతిలో టీ చల్లారిపోతోంది.

'హీటర్ కట్టేశాం' అని కొట్టి
కీబోర్డు అతని వైపు జరిపాను.
ఒక్క వేలితో పొడిచాడు.

కింది వరస పైకి జరిగి
ఆ ఖాళీలో కూచుంది.
ఏదో పంపు.
సున్నా.